నీలిపన్ను రాజు రాయి, మా బాపు రాయి

డెన్మార్క్ పోవాల్సిన మనిషిని వరంగల్ పోయి వచ్చాను. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. టికెట్ తీసుకునేటప్పుడు నేనూ నవ్వుకున్నాను.

సంగతేమిటంటే, పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. వెయ్యేళ్ల కిందట ఉత్తరాది సముద్రాల మీద ఓడలేసుకుని తిరిగిన వైకింగుల రాజుల్లో హరాల్డ్ అనే ఆయన కథ అది. డెన్మార్క్‌ను ఏలాడు. నోట్లో పన్ను ఒకటి చచ్చి రంగు మారి ఉండేదేమో, జనం ఆయన్ని నీలిపన్ను హరాల్డ్ అన్నారు. ఇంగ్లిష్‌లో బ్లూటూత్ అంటే అదే. మన ఫోన్లలో ఉన్నది ఆయన పేరే. ఆ గుర్తు కూడా వాళ్ల పాత లిపిలో ఆయన పేరు పొడి అక్షరాలు రెండూ కలిపి గీసినదే. కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని కాబట్టి పుస్తకం సగం దాకా సాఫీగానే నడిచింది. ఆయన కాలంలో కట్టిన గుండ్రటి కోటల దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. అలాంటి కోట మధ్యలో నిలబడితే ఎలా ఉంటుందో తెలియకుండా ఏం రాయను? డెన్మార్క్ దాకా పోయే స్తోమత నాకు లేదు. గుండ్రటి కోట మాకూ వరంగల్‌లో ఒకటుంది. దానికి ఒక గంట దూరంలో పుట్టి పెరిగి కూడా నేను దాన్ని సరిగా చూసింది లేదు.

అదే వారం మా అన్న సారయ్య ఫోన్ చేశాడు. మా బాపు పోయి ఏడాది కావస్తోంది. మా వైపు రైతు కుటుంబాల్లో పెద్దవాళ్లను సొంత చేనులోనే మట్టి చేసి, ఏడాది తిరిగేలోగా సమాధి కట్టి రాయి నిలుపుతారు. రాయి మీద పోయినవారి పేరు, కింద ‘నిర్మించినవారు’ అంటూ కొడుకుల పేర్లు ఉంటాయి. ఆడపిల్లల పేర్లు రాసే అలవాటు లేదు.

“చెల్లె, శనివారం రాయి చెక్కుతరు. నువ్వు సదువుకున్నదానివి, వచ్చి ఒకసారి తప్పులుంటె చూడు. ఆ పై వారం ఆదివారం నిలబెడుతున్నం. రమేశ్‌గాని పేరు మాత్రం ఉండది. ముందే చెప్తున్న.”

రమేశ్ మా తమ్ముడు. నాలుగేళ్ల కింద పొలం పంచమని బాపు మీదా అన్న మీదా కోర్టుకు పోయాడు. కేసు తర్వాత వెనక్కి తీసుకున్నాడు గానీ, అప్పటినుంచి అన్నకూ వాడికీ మాటల్లేవు. రాయి మీద పేరు లేకపోతే వాడు ఆ ఆదివారం రాడు. ఆ రోజు రాకపోతే మేం ముగ్గురం ఒక్కచోట కలిసే సందర్భం ఇక ఉండదని నాకు తెలుసు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు బాపు కూడా లేడు, ఇంకెవరి కోసం కలుస్తాం? కోటా, రాయీ రెండు పనులూ ఒక్క ప్రయాణంలో అయిపోతాయని బ్యాగు సర్దుకున్నాను.

శనివారం ఉదయం ఏడు దాటాక సికింద్రాబాద్‌లో బండి ఎక్కాను. రెండో తరగతి సీటుకు వంద రూపాయల లోపే అయింది. కిటికీ పక్క సీటు కావాలంటే మాత్రం రెండు రోజుల ముందే తీసుకోవడం మంచిది. ఎదురు సీట్లో అరవై దాటిన పెద్దమనిషి, కాళ్ల దగ్గర బట్టల మూటలు. వరంగల్ మట్టెవాడలో బట్టల దుకాణమట, సరుకు కోసం వచ్చి పోతున్నాడు. భువనగిరి గుట్ట దాటేదాకా నా కాగితాల వైపు చూసి చూసి, ఇక ఉండలేక అడిగాడు.

“ఏం రాస్తాండ్రు మేడం? కథనా?”

రాజు సంగతి చెప్పాను. ఆయన చెవిలోంచి బుడ్డ పరికరం తీసి అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “గిండ్ల రాజున్నడా!” అన్నాడు. ఇంత మంచి శ్రోత క్లాసులో దొరకడు కాబట్టి మొదటినుంచీ చెప్పుకొచ్చాను. హరాల్డ్ తండ్రి గోర్మ్, తల్లి థైరా. యెలింగ్ అనే ఊళ్లో ఇప్పటికీ రెండు రాళ్లు పక్కపక్కన ఉన్నాయి. చిన్నది గోర్మ్ తన భార్య కోసం నిలిపింది. పెద్దది హరాల్డ్ తల్లిదండ్రులిద్దరి కోసం నిలిపింది. ఆ పెద్దరాయి మీద తల్లిదండ్రుల పేర్లు ఒక్కసారి వస్తాయి. ఆ వెంటనే, డెన్మార్క్ అంతా, నార్వే కూడా గెలుచుకుని డేన్లను క్రైస్తవులను చేసిన ఆ హరాల్డ్ అంటూ తన గురించే సాగుతుంది.

“ఆగుండ్రి మేడం,” అన్నాడాయన. “నాయిన రాయి మీద తన డబ్బా కొట్టుకున్నడన్నట్టు.”

ఇన్నేళ్లుగా పాఠం చెబుతూ ఈ ముక్క ఇంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. కాగితం మీద రాసుకుంటుంటే ఆయన మురిసిపోయాడు.

జనగామ దగ్గర చాయ్ వచ్చింది. తాగుతూ మిగతా కథ చెప్పాను. ఒక మతగురువు ఎర్రగా కాల్చిన ఇనుమును చేత్తో పట్టుకుంటే చెయ్యి కాలలేదట, అది చూసి రాజు మతం మారాడట. చిత్తడి నేల మీద పొడవాటి కర్ర వంతెన వేయించాడు. ఆయన భార్య తోవె కూడా తన తల్లి పేర ఒక రాయి నిలిపింది. ఆఖరికి సొంత కొడుకు స్వేన్ తిరగబడ్డాడు. ముసలి రాజు గాయంతో సముద్రం దాటి పారిపోయి పరాయిచోట కన్నుమూశాడు. తండ్రికి అంత రాయి నిలిపినవాడి సమాధి ఇదీ అని చూపే రాయి మాత్రం ఈ రోజుకీ లేదు.

పెద్దమనిషి చాయ్ కప్పు నలిపి కిటికీ బయటికి వేయబోయి, నన్ను చూసి జేబులో పెట్టుకున్నాడు. “కొడుకులతోని లొల్లి యాడైన ఉండేదే. మా తమ్ముడు నేను పదేండ్లాయె మాట్లాడక. దుకాణం బోర్డు మీద మా నాయిన పేరు, పక్కన అండ్ సన్స్ అని ఉంటది. వాడు ఏరు పడ్డంక బోర్డు మార్సమన్నరు అందరు. నేను మార్సలే. మార్సుడు మొదలువెడితె యాడ ఆగుతది?”

మా ఇంటి సంగతి ఆయనకు నేను చెప్పలేదు. పరాయి రాజు కథైతే గంట చెప్పగలను, మా తమ్ముడి కథ ఒక్క మాట కూడా బయటికి రాదు.

పది గంటలకు కాస్త ముందు వరంగల్‌లో దిగాను. స్టేషన్ ఎదురుగా రెండిడ్లీ, ఒక వడ తిని, కోటకు ఆటో మాట్లాడుకున్నాను. పదిహేను నిమిషాల దారి. ఎక్కగానే డ్రైవర్ ఫోన్‌ను స్పీకర్‌కు కలిపాడు, లోపలినుంచి ఒక ఆడగొంతు, ఫోన్ కలిసిందని ఇంగ్లిష్‌లో ప్రకటించింది. ఊరుకుంటానా? అతనికీ రాజు కథ చెప్పాను. చీలికలైన జనాన్ని కలిపిన రాజు గనక, వస్తువులను కలిపే దీనికి ఆ పేరు పెట్టారని కూడా చెప్పాను.

“మంచిగనే కలుపుతాండు మేడం. జర ఛార్జింగ్ ఉండాలె, గంతే,” అన్నాడు.

కోటకు పోయేవాళ్లు ఆటోను నేరుగా మధ్యలోని రాతి తోరణాల దగ్గరికి పోనివ్వకండి. బయటి మట్టికోట దగ్గరే దిగి నడవండి. మట్టికట్ట ఎంత పెద్దదంటే, దాని మీద తుమ్మచెట్లు పెరిగి మామూలు గుట్టలా కనిపిస్తుంది. దాని తర్వాత ఇళ్లు, పొలాలు, కందకం, ఆ తర్వాత రాతికోట. దర్వాజాలో దారి వంకర తిరుగుతుంది. లోపల మళ్లీ ఇళ్లు, కిరాణా కొట్టు, ఆరేసిన బట్టలు, బడి. అన్నిటికీ నడుమ, నాలుగు దిక్కులకు నాలుగు రాతి తోరణాలు. తండ్రి అయిన రాజు మొదలుపెట్టిన రాతిగోడను ఇక్కడ రాణి అయిన కూతురే పూర్తి చేసిందంటారు.

మధ్యలో నిలబడి నెమ్మదిగా చుట్టూ తిరిగాను. హరాల్డ్ కోటలకూ ఇలాగే నాలుగు వైపులా నాలుగు ద్వారాలు, నడిమధ్యన కలిసే దారులు ఉండేవి. అవి కర్రతో, మట్టితో కట్టినవి. కొద్ది ఏళ్లకే వదిలేశారు, ఇప్పుడక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. ఇక్కడైతే గోడల మధ్య ఇంకా అన్నం ఉడుకుతోంది. గుండ్రటి కోట మధ్యలో ఎలా ఉంటుందంటే, ఎటు తిరిగినా గోడ మనకు సమాన దూరంలోనే ఉంటుంది, ఏ పక్కకూ చేరలేం. మొదట అది హాయిగా అనిపించింది. కాసేపటికి అన్నకూ తమ్ముడికీ మధ్య నేను నాలుగేళ్లుగా నిలబడింది ఇలాగే కదా అనిపించి సిగ్గేసింది. గొడవ జరుగుతున్న రోజుల్లో ఇద్దరూ ఫోన్ చేసేవాళ్లు. ఇద్దరికీ ఒకే మాట చెప్పేదాన్ని, “మీరే చూసుకోండ్రి” అని. తటస్థంగా ఉన్నాననుకునేదాన్ని. నిజానికి నాకు బాధ్యత ఎత్తుకునే ధైర్యం లేకపోయింది.

పదకొండున్నరకు రమేశ్ బండి మీద వచ్చాడు. వాడు ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనే దుకాణంలో గుమస్తా. శనివారం మార్కెట్ బంద్ కాబట్టి కోటకు రమ్మన్నాను. బంద్ రోజైనా వాడి చొక్కాకు మిర్చి ఘాటు పోలేదు, పక్కన కూర్చోగానే రెండు తుమ్ములు తుమ్మాను.

“నా పేరు కోసం అన్నతోని కొట్లాడకు అక్కా,” అన్నాడు కూర్చుంటూనే.

“ఎందుకురా?”

“బాపు పెద్దగైనంక రాత్రిబడిల సదువు నేర్సుకున్నడు గద. కోర్టు నోటీసు వచ్చిన్నాడు ఇంట్ల ఎవ్వలు లేరట. కూడబలుక్కుంట ఒక్కడే సదివిండట. ఆయన పేరు, నా పేరు ఒక్క కాయిదం మీద ఆయన సదివింది గదొక్కటే. మళ్ల రాయి మీద గూడ ఎందుకు?”

వాడు రాతి ముక్కల మధ్య మొలిచిన గడ్డి పీకుతూ మిగతాది చెప్పాడు. బాపు దవాఖానలో ఉన్న రోజుల్లో వాడు రోజూ వచ్చి వార్డు బయట బల్ల మీద కూర్చునేవాడట. లోపలికి పోతే బాపు మొహం తిప్పుకుంటాడేమోనని భయం.

“అన్న నా ముందుకెల్లే పోయేటోడు. ఒకనాడు ఛాయ్ గ్లాసు నా పక్కకు బల్ల మీద పెట్టి పోయిండు. మాట్లాడలే.”

“తాగినవా?”

“లే. సల్లగైపోయింది. చెయ్యి రాలే అక్కా.”

పన్నెండున్నరకు వాడి బండి మీదే బయలుదేరాం. హనుమకొండలో ఒక మెస్సులో భోజనం, పప్పుచారు బాగుంది. అక్కడినుంచి కాజీపేట మీదుగా, రాయి చెక్కే మడికొండ వైపు పోయాం. ఒకప్పుడు చేన్లుండే చోట ఇప్పుడు కొత్త ఇళ్ల వరుసలు, అద్దాల భవనాలు. రోడ్డు పక్కన రాళ్లు చెక్కే షెడ్డు ముందు అన్న స్కూటర్ కనబడగానే రమేశ్ బండి ఆపి, “నువ్వు పో. నేను ఈడ్నే ఉంట,” అన్నాడు. హెల్మెట్ కూడా తీయలేదు.

షెడ్డు లోపల చెక్క దిమ్మెల మీద నల్లటి గ్రానైట్ పలక. చెక్కే మనిషి పేరు మల్లేశం. అతని పద్ధతి ఏమిటంటే, ముందు తెల్ల రంగుతో అక్షరాలు రాసి ఇంటివాళ్లతో చదివిస్తాడు. వాళ్లు సరేనన్నాకే పని మొదలుపెడతాడు. “రంగైతే తడిబట్టతోని పోతది మేడం. ఉలి పడ్డంక ఇగ నా చేతుల లేదు,” అన్నాడు.

చదివాను. పైన ‘స్వర్గీయ కొమురయ్య’ అని ఉంది. కింద ‘నిర్మించినవారు’. ఆ కింద అంతకంటే లావు అక్షరాల్లో ‘పాల సంఘం అధ్యక్షులు, వార్డు మెంబరు శ్రీ సారయ్య గారు’ అని. తన పేరుకు తనే గారు తగిలించుకున్నాడు. రైల్లో పెద్దమనిషి మాట గుర్తొచ్చి నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ కింద ఒక వరుస పట్టేంత జాగా ఖాళీగా ఉంది.

“అన్నా, బాపు పేరు కన్న నీ పేరు పెద్దగున్నది.”

“ఉంటె ఏంది?” అన్నాడు. అన్నకు కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. “ఎనిమిది నెలలు ఎత్తుకొని తిరిగిన చెల్లె. నీళ్లు పోసిన, బట్టలు మార్సిన. వాడు బల్ల మీద కూసున్నడు. నువ్వు ఫోన్ల ఉన్నవ్.”

పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది, హరాల్డ్ రాయి కథ ఎత్తుకున్నాను. సగంలోనే ఆపేశాడు.

“నీ డెన్మార్క్ రాజు వాళ్ల నాయినను ఎనిమిది నెలలు మోసిండా?”

మోశాడని ఎక్కడా చదవలేదు.

అప్పుడు మల్లేశం ఆ ఖాళీ జాగా మీద వేలు పెట్టాడు. “సార్, ముందుగాల ఈ కింది లైను సంగతి చెప్పుండ్రి. వారం సంది అడుగుతాన. నింపమంటరా అంటె వద్దంటరు. రాయి గక్కడిదాక కోసేస్తా అంటె కొయ్యొద్దంటరు.”

అన్న మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. రోడ్డు మీద రమేశ్ హెల్మెట్‌తోనే నిలబడి ఉన్నాడు. అన్న వాణ్ని చూశాడు, చూడనట్టు మళ్లీ ఇటు తిరిగాడు.

“పక్కపొంటి అమ్మ రాయి ఉంటదన్నరు గద,” మల్లేశం మళ్లీ అడిగాడు. “దాని మీద ఎట్ల రాసిన్రు? జోడు కుదరాలె గద, అందుకని.”

అమ్మ పోయినప్పుడు బాపు ఎవరినీ పిలవలేదు. పశువుల కొట్టంలో పరచగా మిగిలిన నాపరాయి ఒకటి తీసుకుని, ఉలి అడిగి తెచ్చుకుని, నాలుగు రోజులు చేనులో కూర్చుని తనే చెక్కాడు. రాత్రిబడి అక్షరాలు, ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయాయి. రాయి అయితే యెలింగ్‌లో ఆ చిన్నరాయి కంటే కూడా చిన్నది.

“వెంకటమ్మ అని ఉంటది,” అన్నాడు అన్న చివరికి.

“నిలిపినోళ్ల పేరు?”

“లేదు. అమ్మ పేరు ఒక్కటే.”

అన్న బకెట్లోంచి తడిబట్ట తీసి పిండి, ‘గారు’ తుడిచాడు. అధ్యక్షులు పోయింది, వార్డు మెంబరు పోయింది. ‘సారయ్య’ దగ్గర చెయ్యి ఆగింది. మొన్న ఎన్నికల్లో గెలిచినప్పుడు ఆ పేరు గోడల మీద రాయించుకుని ఎంత సంబరపడ్డాడో నాకు తెలుసు. అది కూడా తుడిచాడు. ‘నిర్మించినవారు’, ఆ తర్వాత ‘స్వర్గీయ’. తెల్లనీళ్లు రాయి అంచునుంచి అతని చెప్పుల మీదకు కారాయి. చివరికి ‘కొమురయ్య’ ఒక్కటే మిగిలింది.

“ఇదొక్కటి మంచిగ చెక్కు మల్లేశం,” అన్నాడు.

ఆ తర్వాత ఎవరి వైపూ చూడకుండా, రోడ్డు దాకా వినబడేలా అన్నాడు. “రాయి బరువున్నది. ట్రాలీలకెల్లి దించనీకి మనుషులు గావాలె. వచ్చే ఆదివారం పొద్దుగాల ఆరింటికి.”

రమేశ్ హెల్మెట్ తీశాడు. వాడు బండెక్కి పోతాడేమోనని రోడ్డు వైపు రెండడుగులు వేశాను.

“ఐదున్నరకు వస్త,” అన్నాడు.

“ఆరంటె ఆరే. ఐదున్నరకు వచ్చి మంచుల ఏంజేస్తవ్?”

“ఛాయ్ తాగుత.”

అన్న తడిబట్టను బకెట్లో వేసి, చేతులు కడుక్కోవాలంటూ షెడ్డు వెనక్కి పోయాడు. చాలాసేపటికి గానీ రాలేదు. మల్లేశం ఉలి అందుకుంటే రమేశ్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మొదటి అక్షరం తేలేదాకా ఉన్నాం.

నాలుగున్నరకు రమేశ్ నన్ను కాజీపేటలో దించాడు. మడికొండ నుంచి తిరిగొచ్చేవాళ్లకు వరంగల్ స్టేషన్ కంటే ఇదే దగ్గర. ఐదు దాటాక బండి దొరికింది, జనం బాగా ఉన్నారు. ఘనపూర్ దాకా నిలబడి, తర్వాత సీటు దొరికాక కాగితాలు తీసి గుండ్రటి కోటల అధ్యాయం రాశాను. హరాల్డ్ మీద పొద్దున ఉన్న వెటకారం సాయంత్రానికి లేదు. పెద్ద రాయి మీద అంత పెద్ద పేరు చెక్కించుకోవాలనిపించిందంటే, తనను ఎవరో ఒకరు గుర్తించాలని ఆ మనిషికి ఎంత ఉండిందో అనిపించింది. రెండు దేశాలు గెలిచినవాడికి కొడుకుతో ఒక్క మాట కలుపుకోవడం చేతకాలేదు. కొడుకు పేరు కోసం ఆయన ఎక్కడైనా ఒక ఖాళీ వరుస వదిలాడో లేదో చరిత్రలో లేదు.

జనగామ దాటాక అన్న ఫోన్ చేశాడు.

“చెల్లె, ఆదివారం నువ్వు గూడ పట్టాలె రాయి. ఆడోళ్లు పట్టరని ఎవ్వలన్న అంటె నేను చెప్త. రాయికి నాలుగు మూలలు, మనం ముగ్గురమే ఉన్నం. ఇంకొక మూల మల్లేశం పడతడు.”

సరేనన్నాను. యెలింగ్ రాయి మోసుకొచ్చి నిలబెట్టిన వాళ్ల పేర్లు ఆ రాయి మీద లేవు. మా బాపు రాయి మీదా ఉండవు. తెల్లారి ఐదున్నరకు అక్కడ ఉండాలంటే ముందురోజే చేరాలి కాబట్టి, సికింద్రాబాద్ రాకముందే వచ్చే శనివారం సాయంత్రానికి వరంగల్ టికెట్ తీసుకున్నాను.